రెండు నిమిషాల శిక్ష

మనవరాలు ఐస్ హాకీ పోటీకి సంచి సర్దుకుంటోంది. నాయనమ్మ అందులోంచి ఒక్కొక్కటే తీసి చూస్తోంది.

“బంతి పెట్టుకోలేదేమే?”

“బంతి ఉండదు నాయనమ్మా. ఈ నల్ల రబ్బరు బిళ్ళనే కర్రతో గోల్‌లోకి కొట్టాలి.”

“మంచు మీద నిలబడ్డమే గగనం, మళ్ళీ కొట్టడం కూడానా! ఎవరినైనా పడేస్తే?”

“రెండు నిమిషాలు బయట కూర్చోబెడతారు.”

“తర్వాత ఎవరెళ్ళి బతిమాలతారు?”

“బతిమాలేదేంటి! టైమవగానే తలుపు తీస్తారు, లోపలికొచ్చేస్తాం.”

“తప్పు ఒప్పుకోకపోయినా?”

“ఒప్పుకోకపోయినా.”

“అదేం ఆటే? మీ బాబాయిని బయటికి పంపి, తప్పు ఒప్పుకునేదాకా తలుపు తియ్యనన్నాను నేను.”

“ఎప్పుడు తీశావు?”

“సాయంత్రం.”

బాబాయికి అప్పుడు పదిహేడేళ్ళు. ఆ మంగళవారం ఉదయం గడప దాటినవాడు మళ్ళీ రాలేదు.