తెరచాపల కుట్టు నుంచి ఈత పాఠాల దాకా: షాహీదాబీ గారి పదిహేడేళ్లు

రెండువేల ఎనిమిదవ సంవత్సరం జూలై పద్నాలుగవ తేదీ, సోమవారం ఉదయం పది గంటలకు శ్రీమతి షాహీదాబీ గారు మన పినాకిని సెయిలింగ్ క్లబ్బులో తెరచాపలు కుట్టే దర్జీగా విధుల్లో చేరారు. ఆనాటి హాజరు పట్టీలో వారి సంతకం పక్కన కార్యాలయ మేనేజరుగా చేవ్రాలు చేసినవాణ్ణి నేనే. ఈ జూలై ముప్పై ఒకటవ తేదీన సేవా విభాగ అధిపతిగా వారు పదవీ విరమణ చేస్తున్న శుభ సందర్భంలో ఈ నాలుగు మాటలు రాసే భాగ్యమూ ఈ బదరీనారాయణకే దక్కింది.

ప్రొద్దుటూరు వర్తకులు కొందరు పూనుకొని జమ్మలమడుగు ఎగువన పెన్నా జలాశయం ఒడ్డున ఈ క్లబ్బును నెలకొల్పినప్పుడు, తాగునీటికే తిప్పలుపడే సీమలో తెరచాప పడవలేమిటని నవ్వినవారు తక్కువేమీ కాదు. పడవలు తెచ్చుకొన్నాము గాని, చినిగిన చాపను బాగుచేసే చెయ్యి చుట్టుపక్కల దొరకలేదు. ప్రొద్దుటూరులో పెళ్లిబట్టలు కుట్టడంలో పేరు గడించిన షాహీదాబీ గారిని అందుకే పిలిపించాము. భర్త మహబూబ్ బాషా గారు అప్పటికే కువైట్‌లో డ్రైవరుగా ఉన్నారు. ఇద్దరు కొడుకుల చదువు, ఇల్లు వీరి భుజాల మీదే నడుస్తున్నాయి. వారు వచ్చీ రాగానే ఒక చాప అంచు పట్టి చూసి, "ఎవురు సార్ దీన్ని కుట్టింది? ఈ కుట్టుకు గాలి యాడ నిలుస్తాది?" అని అడిగారు. కుట్టింది మా కుటుంబం నడిపే బట్టల దుకాణంలోని దర్జీయేనని చెప్పే ధైర్యం నాకా రోజున లేకపోయింది. ఈ సంచిక ముఖంగా ఇప్పుడు ఒప్పుకొంటున్నాను.

ఆ రోజుల్లో మన క్లబ్బు సమాజసేవ అంటే ఏటా ఒకసారి నోటుపుస్తకాల పంపిణీ, ఒక కంటి వైద్య శిబిరం, రెండింటికీ కలిపి ఒక ఫొటో. షాహీదాబీ గారు ఆ ఫొటోల్లో ఎక్కడా కనిపించరు. అయితే, జలాశయం ఆవలి ఒడ్డు నుంచి కూలి పనులకు పుట్టిలో, అంటే గుండ్రటి బుట్ట పడవలో, దాటి వచ్చే స్త్రీలను వారు రోజూ కిటికీలోంచి చూసేవారు. పాతబడిన చాపల గుడ్డతో, పాడైన పడవ సీట్లలోని నురుగు దిమ్మెలతో లైఫ్ జాకెట్లు కుట్టడం రెండువేల పదకొండులో వారంతట వారే మొదలుపెట్టారు. రెండేళ్లలో జలాశయం చుట్టూ ఉన్న నాలుగు పల్లెలలో మూడు వందల ఇళ్లకు వారు కుట్టిన జాకెట్లు చేరాయి. దాన్ని మన క్లబ్బు తన ఘనతగా చెప్పుకొన్నది, వారు కాదనలేదు.

రెండువేల పదమూడు వేసవిలో ఆ పల్లెలలో ఒకదానిలో నాజియా అనే పదకొండేళ్ల పాప నీళ్లలో మునిగి చనిపోయింది. పరామర్శకు వెళ్లినవారిలో షాహీదాబీ గారితోపాటు నేనూ ఉన్నాను. తాము కుట్టి ఇచ్చిన జాకెట్టు ఆ ఇంటి గోడకు మేకున వేలాడుతుండటం వారు చూశారు. పాప తల్లి ఏడుపు ఆపుకొని, "నువ్వు ఇచ్చింది ఆన్నే ఉండాది అక్కా. మేకపిల్ల నీళ్లలోకి దిగితే దాని ఎనకాల పోయిండాది. మేకపిల్లను తోలుకొచ్చేదానికి జాకెట్టు ఎవురు ఏసుకుంటారు చెప్పు?" అన్నది.

మరునాడు ఉదయం షాహీదాబీ గారు నా బల్ల ముందు నిలబడి, పల్లె ఆడపిల్లలకు మన క్లబ్బు రేవులో ఈత నేర్పాలని అడిగారు. వద్దని చెప్పినవాణ్ణి నేను. ప్రమాదం జరిగితే బాధ్యత ఎవరిదన్నాను, సభ్యులు అభ్యంతరపెడతారన్నాను, అసలు ఆ పల్లెల నుంచి ఆడపిల్లలను ఎవరు పంపుతారన్నాను. వారు అంతా విని, "ఏంది సార్, ఆ పాప మునిగిన నీళ్లూ మన పడవలు తిరిగే నీళ్లూ ఒకటే గదా. పడవలకు ల్యాని అభ్యంతరం పిల్లోల్ల ఈతకెందుకు?" అని మాత్రం అన్నారు. విషయాన్ని కార్యవర్గానికి నివేదించాను. నెలలోగా పదిమంది బాలికలు వస్తేనే అనుమతి అని కార్యవర్గం తేల్చింది.

మొదటి రెండు వారాల్లో ఒక్కరూ రాలేదు. ఇంటింటికీ తిరుగుతున్న షాహీదాబీ గారిని, పల్లెలో అందరికీ పెద్దదిక్కయిన దిల్షాద్‌బీ అనే ముసలమ్మ గడపలోనే నిలదీసింది.

"నీకొచ్చునా ఈత?"

"రాదమ్మా."

"నీకే రాకపాయె! మా పిల్లోల్లను నీళ్లలోకి దింపుతానంటాండావే, నువ్వు ముందు దిగు. నువ్వు ఒడ్డుకొస్తే మాట్లాడుకుందాం."

అప్పటికి షాహీదాబీ గారికి నలభై ఎనిమిదేళ్లు. ఆ సాయంత్రమే జమ్మలమడుగులో వ్యాయామ ఉపాధ్యాయినిగా ఉన్న యాస్మిన్ గారి ఇంటికి వెళ్లి, తనకు ఈత నేర్పమని అడిగారు. ఒళ్లంతా కప్పే ఈత దుస్తులు తమకు తామే కుట్టుకొన్నారు. మొదటి రోజు నీళ్లలో దిగగానే ఆ దుస్తులు గాలి నిండి బుడగలా ఉబ్బాయట. మరుసటి రోజుకు తెరచాపకు వేసినట్లే అంచుల్లో ఇత్తడి వలయాలు బిగించిన కంతలు వేసి, గాలీ నీరూ బయటికి పోయే ఏర్పాటు చేశారు. ఈనాటికీ మన ఈత శిబిరంలో బాలికలు ధరించేది ఆ నమూనా దుస్తులే.

కార్యవర్గం ఇచ్చిన గడువులో ఇరవై ఏడవ రోజు ఉదయం దిల్షాద్‌బీతో సహా ముప్పైమంది స్త్రీలు రేవులో చేరారు. పురుషులెవరూ చూడరాదన్నది నియమం. అందువల్ల నేనూ బోటు డ్రైవరు హుమాయునూ ఆపద వస్తే అందుకోవడానికి కొంత దూరంలో పడవలో, రేవుకు వీపు తిప్పి కూర్చున్నాము. ఆ కారణాన ఈ ఘట్టంలో నేను కళ్లారా చూసింది ఏమీ లేదు, విన్నదే అంతా. నీళ్లలో దూకిన చప్పుడు, యాస్మిన్ గారి ప్రోత్సాహపు కేకలు వినబడ్డాయి. రేవు నుంచి కొంత దూరం ఈది, తిరిగి వచ్చి మెట్టు పట్టుకోవాలన్నది పరీక్ష. అందులో సగం దూరం వెళ్లి ఉంటారు. ఉన్నట్టుండి కేకలన్నీ ఆగిపోయాయి. నేను వెనక్కి తిరగబోతే హుమాయున్ నా భుజం పట్టి, "తిరగొద్దు సార్. యాస్మినక్క పిలిస్తేనే పోదాం" అన్నాడు. అంతలో దిల్షాద్‌బీ గొంతు జలాశయమంతా మారుమోగింది.

"కాళ్లు ఆడించు! ఓయమ్మా, కాళ్లు ఆడించే! నాకు నీ ఈత వొద్దు, నువ్వు లేసిరా సాలు!"

మునిగిన షాహీదాబీ గారు తేలారు. యాస్మిన్ గారు చాచిన చేతిని తోసివేసి, మిగతా దూరమూ తామే ఈది రేవు మెట్టు పట్టుకొన్నారు. దిల్షాద్‌బీ తన కొంగుతో వారి తల తుడుస్తూ, "శానా భయపెట్టినావు పో. ఇంగ నాకు చెప్పేదానికి సాకు ల్యాకపాయె. రేపు మా సాజియాను పంపిస్తా" అన్నదట. తొమ్మిదేళ్ల మనవరాలు సాజియా మొదటి విద్యార్థిని అయింది. నెల గడువు ముగిసేనాటికి బాలికల సంఖ్య పద్నాలుగు. కార్యవర్గం అనుమతి పత్రం మీద సంతకం చేసేటప్పుడు నా చెయ్యి సిగ్గుపడింది. పెన్ను మాత్రం ఆగలేదు.

రెండువేల పదిహేనులో సేవా విభాగాన్ని కార్యవర్గం వారికి అప్పగించింది. పదవి పెరిగినా వారు కుట్టుమిషన్‌ను గదిలోంచి కదలనివ్వలేదు. పులివెందుల పాఠశాలల నుంచి వేసవిలో బస్సుల మీద పిల్లలు రావడం, మైలవరం వైపు మత్స్యకారులకు ప్రథమ చికిత్స నేర్పడం, ప్రతి పుట్టికీ తాడూ నీళ్లలో తేలే రక్షణ చక్రమూ ఉండేలా చూడటం, అన్నీ వారి చేతి మీదుగా జరిగినవే. ఇప్పటివరకు మన రేవులో ఈత నేర్చిన బాలికలు పదకొండు వందలు దాటారు.

ఆ శ్రమకు విలువ ఏమిటో రెండువేల ఇరవై నవంబరులో తెలిసింది. జలాశయం నిండుగా ఉన్న రోజుల్లో, ఒకనాటి మధ్యాహ్నం కూలికి వెళ్లి వస్తున్న నలుగురు స్త్రీల పుట్టి ఒడ్డుకు నలభై గజాల దూరంలో తిరగబడింది. జాకెట్లు ఇద్దరికే ఉన్నాయి. ఒడ్డున బట్టలుతుకుతున్న సాజియా, మరో ఇద్దరు బాలికలు నీళ్లలో దూకారు. జాకెట్లున్న ఇద్దరినీ పుట్టి పట్టుకొమ్మని చెప్పి, లేని ఇద్దరినీ ముందు ఒడ్డుకు చేర్చి, మళ్లీ వెళ్లి మిగిలిన వారిని తెచ్చారు. నలుగురూ బతికారు.

ఆ వార్త ఫోనులో విన్నప్పుడు నేను షాహీదాబీ గారి గదిలోనే ఉన్నాను. వారు మిషన్ చక్రం మీద చెయ్యి ఆనించి కుట్టు ఆపేశారు. కళ్లనుంచి నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు. "ఆ తల్లికి చెప్పి రావాల సార్, నాజియా వాళ్లమ్మకు. బండి తీయమనండి" అన్నారు. ఇద్దరమూ వెళ్లాము. ఆ తల్లి విని, వారిని గట్టిగా పట్టుకొని, "మా పాప ఉన్నింటే అదీ దూకేది గదా అక్కా" అన్నది. షాహీదాబీ గారు "దూకేది" అని మాత్రం అన్నారు. నా ముప్పై ఏళ్ల ఉద్యోగ జీవితంలో అంతకు మించిన ప్రశంసాపత్రాన్ని నేను చూడలేదు.

సాజియా ఈనాడు మన క్లబ్బులో శిక్షకురాలు; వచ్చే నెల నుంచి సేవా విభాగం బాధ్యతలు యాస్మిన్ గారు స్వీకరిస్తున్నారు. కనుక పని ఆగుతుందేమోనన్న చింత ఎవరికీ అక్కరలేదు. మహబూబ్ బాషా గారు కూడా కువైట్ ఉద్యోగం ముగించుకొని మొన్న మార్చిలో ఇల్లు చేరారు. ఈ వ్యాసం కోసం వివరాలడిగేందుకు ప్రొద్దుటూరులోని వారింటికి వెళ్లినప్పుడు, ఆయన ఒక్క మాట చెప్పారు: "ఇరవై రెండేండ్లు నేను ఆడ, ఈమె ఈడ. నేనొచ్చేసరికి ఈమె పొద్దున్నే ఆరు గంటలకే రేవుకు పోతాండె. ఆగస్టు ఒకటో తారీకు నుంచి ఇద్దరం కూసోని నింపాదిగా చాయ్ తాగుతాం సార్."

ఆ చాయ్ చల్లారకముందే ఏ పల్లె నుంచీ ఫోను రాకూడదనీ, అటువంటి ప్రశాంతమైన ఉదయాలు ఆ దంపతులకు వేల సంఖ్యలో లభించాలనీ, షాహీదాబీ గారు సంపూర్ణ ఆరోగ్యంతో నిండు నూరేళ్లు వర్ధిల్లాలనీ క్లబ్బు సిబ్బంది, సభ్యుల పక్షాన మనసారా కోరుకొంటున్నాను.