వాపు తగ్గేదాకా

ఏంది బావా, వచ్చీ రాంగానే బెంగుళూరుకు పోదామంటావు? రాడ్లు పీకి మళ్ళా ఎయ్యాల్నా? నా యీపేమన్నా పాత సైకిలా, ఊరికూరికే ఇప్పి బిగించేదానికి! కూసో ముందు.

ఆపరేషన్ బాగనే ఉండాది కంబన్న బావా. ఉగాదప్పుడు కర్నూల్లో మళ్ళా స్కానింగు తీసిరి. రాడ్లు కదల్లేదు, స్క్రూలు కదల్లేదు. "మరి ఈ నొప్పేంది సారూ?" అంటే, డాక్టరు ఫిల్ము లైటుకు పట్టి తెల్లగుండేచోట యేలు పెట్టినాడు. "నీ ఎముక లోపల వాచింది" అనె.

ఎముక వాచేదేంది బావా! కాలు వాస్తాది, మొగం వాస్తాది. ఎముకా? విరిగినప్పుడు లోపల నీరు చేరతాదంట. రాడ్లు బయట పట్టుకుంటాయి గానీ, లోపలిది మెల్లగ ఇంకాల్సిందేనంట. వాపు ఎంత ఉంటే నొప్పి అంత నిదానంగా పోతాదంట. "తొందరపడి మగ్గం గుంతలో కూసుంటే మళ్ళా మొదటికొస్తావు" అన్నాడు.

ఇంటినా? క్రికెట్టు కోసరం కేబులు వైరు సరిచేస్తానని మిద్దె మీంచి పడినోడు మాటింటాడా! ఇంటికొచ్చి మగ్గంలోకి దిగినా. పోగుల మధ్య నాడె ఇసిరినానో లేదో, నడుములో నిప్పు పెట్టినట్లాయ. మీ చెల్లెలు శశికళా పక్కింటి బొజ్జన్నా కలిసి ఎత్తి బయటేసిరి. అప్పుడనె శశికళ కోపంగా, "నువ్వు పండుకో. నేను నేస్తా."

నవ్వినా బావా. దారం కండెలు సుట్టే మనిషికి నేతేందని.

నేసింది! మొదటి చీర అంచు వంకర. తర్వాతది నయం. ఆపైన ఒకదానికి అంచులో మామిడి పిందెలు దింపె, యాడా సూసి కాదు. మా చీరలు కొనే లక్ష్మీనరసయ్య శెట్టి దాన్ని యేళ్ళతో తడిమి, "ఎవురప్పా నేసింది?" అనె. ఆ పొద్దు ఆమె మొగం నువ్వు సూడల్ల. ఇప్పుడు మగ్గంలో కూసోని పాడతాది గూడా. పెండ్లయినప్పట్నుంచి ఆ గొంతు నేను ఇనలే.

ఇదో, మెల్లగ మాట్లాడు. ఇంటాదేమో.

నిన్న బొజ్జన్నతో పోయి మళ్ళా సూపిచ్చుకుంటి. వాపు ఇంకిపోయిందంట. నాకైతే నొప్పి పోయి శానా దినాలాయ. మగ్గంలో కూసోవచ్చునంట.

అట్ల సూడాకు. చెప్పలే ఆమెకు. చెబితే ఆ నిమిషమే లేసి చోటిచ్చి, మళ్ళా కండెల రాట్నం కాడికి పోతాది. అందుకే ఈ దొంగ మూలుగుడు.

నువ్వే నేసుకో, కండెలు నేను సుడతా అనాల. అంతే గదా? రోజూ నోటిదాకా వస్తాది, బయటికి రాదు. మిద్దె మీంచి పడేటప్పుడు గూడా ఇంత బయపడలేదు బావా.