నలభైకి నలభై

దిల్‌సుఖ్‌నగర్‌లో పోలీసు ఉద్యోగాలకు కోచింగ్ ఇచ్చే ఒక సెంటర్, రెండో అంతస్తు, యజమాని గది. మే నెల, మధ్యాహ్నం మూడు గంటలు. యజమాని త్రినాథరావు, అమ్మాయిలకు పరుగు నేర్పే సుమలత.

"సంతకం పెట్టేయమ్మా సుమలతా. ఒక్క లైనే కదా."

"ఆ ఒక్క లైనుకే చెయ్యి వస్తలేదు సార్."

"ఏముంది అందులో? ఈ రోజు ఉదయం పరుగుకి స్వప్న అనే అమ్మాయి రాలేదు. వచ్చినవాళ్లు ముప్పై తొమ్మిది మంది. అంతే."

"వచ్చింది. నా ముందలనే బూట్ల లేసులు కట్టుకున్నది. నీళ్లు తాగినవా అని నేనే అడిగిన."

"తాగిందా?"

"తాగిన అన్నది."

"చూశావా? తాగకుండానే తాగానంది. మరి తప్పెవరిది?"

"సార్, ఆ పిల్ల దవాఖానల వెంటిలేటర్ మీద ఉన్నది."

"నాకు తెలీదా? పొద్దున్నుంచి మూడుసార్లు ఆసుపత్రికి ఫోన్ చేశాను. వాళ్లమ్మ బయల్దేరిందట ఇక్కడికి. నాలుగింటికి ఎస్సై వస్తాడు. ఈలోపు మనిద్దరి మాట ఒకటి కావాలి."

"ఎట్లయితది? పొద్దున మీరు పెట్టిన వీడియోల నలభై అన్న ఒర్రుడు సాఫ్ వినబడుతున్నది."

"తీసేశాను."

"తొమ్మిది వందల మంది చూసినంక తీసేసిండ్రు."

"అసలు నలభై ఎలా వచ్చిందో అది చెప్పు ముందు. పిల్ల రోడ్డు మీద పడుంటే నీ లెక్క నలభై ఎలా అయింది?"

"ఉరుకుడు అయినంక వరుసల నిలబడి ఎవరి నంబర్ వాళ్లు ఒర్రుతరు. ఒకటి, రెండు, మూడు, గట్ల. స్వప్నది ఇరవై ఆరు. ఇరవై ఆరు వినబడ్డది."

"ఎవరరిచారు?"

"తెల్వదు. ఎవరో ఒర్రిండ్రు."

"నువ్వు ముఖాలు చూడలేదా?"

"చూడలే."

"మరేం చూస్తున్నావ్?"

"మీ కెమెరా దిక్కు చూస్తున్న."

"అదిగో. తిప్పి తిప్పి నా మీదికే తెస్తావు."

"మీ మీదికే కాదు, నా మీదికి గూడ. సీఆర్‌పీఎఫ్‌ల తొమ్మిదేండ్లు చేసిన నేను. అక్కడ ట్రైనింగ్ ఇచ్చే ఉస్తాద్ అందరికంటె ఎనుక ఉరుకుతడు. ఎవలు పడ్డా ఆయన కాళ్ల ముందలనే పడాలె. మీరేమన్నరు? ముందల ఉరుకు సుమలతా, లీడర్ ముందుంటేనే వీడియో బాగుంటది అన్నరు. నేను ఉరికిన."

"లీడర్ ముందుండక ఎక్కడుంటాడమ్మా? చరిత్రలో ఏ గొప్ప దళాన్నైనా తీసుకో—"

"మల్ల చరిత్ర తియ్యకుండ్రి."

"తీస్తాను. రెండు వందల మంది పిల్లలు లేచి నిలబడి చప్పట్లు కొట్టిన పాఠం అది. పర్షియా రాజు దగ్గర పదివేల మంది ఉండేవాళ్లు. అమరులు అని పేరు. ఒకడు పడితే వెంటనే ఇంకొకడు ఆ చోట్లోకి వస్తాడు. పదివేలు ఎప్పుడూ పదివేలే. మన నిజాం దగ్గర ఆడవాళ్ల పల్టన్ ఉండేది, ఖర్దా యుద్ధంలో నిలబడి పోరాడారు. ఆ రెండూ కలిపే కదా మన బ్యాచ్‌కి అమర పల్టన్ అని పేరు పెట్టాను. మీ హైదరాబాద్ ఆడవాళ్ల గొప్ప మీకే తెలీకపోతే నేను చెప్పాను."

"ఆ పదివేలల్ల పడ్డోని పేరు ఒక్కటి చెప్పుండ్రి సార్."

"పేర్లెక్కడుంటాయి? రెండున్నర వేల ఏళ్ల కిందటి మాట."

"పేర్లు ఉండయి. నంబర్ ఉంటది. నంబర్ తగ్గలే గాబట్టి ఎవ్వడు చావనట్టే. రాజుకు మంచిగనే ఉంటది గది. పడ్డోన్ని ఎవడు చూసిండు? వాని తల్లి దగ్గరికి ఎవడు పోయిండు?"

"నీతో ఇదే కష్టం. పాఠం చెబితే పోట్లాట. రష్యాలో ఆడవాళ్ల బాంబర్ రెజిమెంట్ గురించి చెప్పాను. పారాచూట్లు కూడా లేకుండా రాత్రుళ్లు ఎగిరారు. ఒక్కరైనా ఫిర్యాదు చేశారా?"

"పారాచూట్ ఎందుకియ్యలే అని అడిగితే గది ఫిర్యాదా సార్?"

"సుమలతా, టైమ్ లేదు. నీకు అర్థమయ్యేట్టు చెబుతాను. ఈ కాగితం లేకపోతే ముందు లోపలేసేది నన్ను కాదు, నిన్ను. విజిల్ నీది. లెక్క నీది. ఒక్కరు తగ్గితే అందరికీ ఇంకో రెండు కిలోమీటర్లు అన్న రూల్ కూడా నువ్వు తెచ్చిందే."

"నేనే తెచ్చిన. కాదంటలేను."

"దేనికి తెచ్చావు?"

"ఎవల్ని ఇడిసిపెట్టి రావద్దని. మా ట్రైనింగ్‌ల గదే రూల్. ఒక్కతి ఆగిపోతే అందరం ఎనుకకు పోయి రెక్కలు పట్టి గుంజుకొచ్చినం."

"మరి వీళ్లెందుకు వెనక్కి వెళ్లలేదు?"

"పోవుడుకంటె ఇంకో నంబర్ ఒర్రుడు అల్కగ ఉన్నది. రెండు కిలోమీటర్లు తప్పుతయి. మీ వీడియో గూడ ఖరాబ్ గాదు."

"మెట్ల మీద చప్పుడు. ఆవిడేనా?"

"ఆమెనే. బాలలక్ష్మక్క. గడ్డిఅన్నారంల హాస్టల్‌ల వంట చేస్తది."

"నువ్వు నోరు తెరవకు. నేను మాట్లాడతాను. రండమ్మా, రండి. కూర్చోండి. మంచినీళ్లు తాగుతారా?"

"కూసునే టైం లేదు సారూ. డాక్టర్ ఒక్క మాట అడుగుమన్నడు. నా బిడ్డ ఎన్ని గంటలకు పడ్డది?"

"అదేనమ్మా, మేమూ అదే—"

"ఎండల ఎంతసేపు ఉన్నదో తెలిస్తే దాన్ని బట్టి చూస్తం అన్నడు. కిడ్నీలు ఆగుతున్నయట. రోడ్లు ఊడ్చే తిరుపతమ్మ అని ఒకామె చూసి ఆటోల తెచ్చింది. వనస్థలిపురం కాడ జింకల పార్కు గోడ పొంటి, ఆగిన లారీ ఎనుక ఉన్నదట. ఆమె చూసింది ఎనిమిదింటికి. పడ్డది ఎప్పుడో ఆమెకు తెల్వదు. మీకు తెలుస్తది గద సారూ?"

"మీ అమ్మాయి ఇవాళ మా పరుగుకి రాలేదమ్మా."

"రాలేదా?"

"రాలేదు. హాజరు ముప్పై తొమ్మిదే. తనంతట తను అటు ఎక్కడికైనా వెళ్లి ఉంటుంది."

"ఐదింటికి బడంగ్‌పేట్‌ల నేనే ఆటో ఎక్కించిన. మీ పేరున్న టీషర్ట్ ఏసుకున్నది. ఎక్కడికి పోతది?"

"నాకేం తెలుసమ్మా. ఈ వయసు పిల్లలు ఇంట్లో ఒకటి చెబుతారు, బయట—"

"సారూ. మాట చూసుకొని మాట్లాడు."

"తప్పుగా అనలేదమ్మా. అలా జరుగుతుంటాయి అంటున్నాను."

"మేడం, నువ్వు చెప్పు. నువ్వు తలకాయ ఎందుకు దించుకున్నవ్? వచ్చిందా, రాలేదా?"

"ఆవిడకీ తెలీదమ్మా. సుమలతా, నువ్వు కిందికెళ్లి—"

"ఆరుంపావుకు, అక్కా."

"సుమలతా."

"పార్కు మలుపు కాడ నేను తిరిగి చూసిన. అప్పుడు టైం ఆరు మీద పది నిమిషాలు. స్వప్న ఆఖరుకు ఉన్నది, నడుము పట్టుకొని ఉరుకుతున్నది. మల్ల నేను తిరిగి చూడలే. లారీ అక్కడికి దగ్గరనే. ఆరుంపావుకు పడ్డది. ఎనిమిది దాక గంటా ముప్పావు. ఫోన్ చెయ్యి. ఇప్పుడే చెయ్యి."

"హలో, తమ్మీ వీరేందర్. డాక్టర్ కాడికి ఉరుకు. ఆరుంపావుకు పడ్డదట. గంటా ముప్పావు ఎండల ఉన్నది. ఆ, మేడమే చెప్పింది. రాసుకోకు, ముందు ఉరుకు."

"అయిపోయింది. చెప్పేశావు. ఎస్సైకి కూడా ఇదే చెబుతావా?"

"ఇదే చెప్తా. రూల్ నాదే అని గూడ చెప్తా. ముందల ఉరుకుమన్నది ఎవలో అది గూడ చెప్తా."

"మేడం, మరి నా బిడ్డ పడ్డంక ఎవ్వలు ఎందుకు ఎనుకకు రాలే? లెక్క సూడరా మీరు?"

"చూసిన అక్కా. నలభై వచ్చింది. స్వప్న నంబర్ ఇంకెవరో ఒర్రిండ్రు. తగ్గితే అందర్నీ మల్ల ఉరికిస్తనని."

"ఇదేనమ్మా నేను చెప్పబోతున్నది. దాచాలని కాదు. అసలు నేరం ఎవరిదో చూడండి. మీ అమ్మాయి పడితే ఇంకో అమ్మాయి ఆ నంబర్ అరిచింది. అది అరవకపోతే ఆరున్నరకే తెలిసిపోయేది. అవునా, కాదా?"

"అవును సారూ."

"ముప్పై తొమ్మిది మందినీ ఇప్పుడే పిలిపిస్తాను. అరగంటలో పేరు బయటికొస్తుంది. ఎస్సై రాగానే ఆ పేరు ఇద్దాం. దాని మీద కేసు పెట్టిద్దాం."

"సార్, పొద్దున ఒకతిని రోడ్డు మీద ఇడిసినం. ఇప్పుడు ఇంకొకతిని ఇడుద్దామా?"

"నువ్వు ఊరుకో. ఇది తల్లి అడగాల్సిన మాట. అడగండమ్మా. మీ పిల్లని ఆ గతికి తెచ్చింది ఎవరో తెలుసుకోవాలని లేదా మీకు?"

"వద్దు సారూ."

"ఎందుకొద్దు? పెద్దింటి పిల్ల అయితే ఏమవుతుందోనని భయమా? నేనున్నాను. ఎవరైనా సరే వదలను."

"భయం గాదు."

"మరి?"

"పోయిన వారం జ్యోతిక అని ఒక పిల్ల కాలు మడతవడి తొవ్వల్నే కూలవడ్డదట. ఆమె నంబర్ ఒర్రింది మా స్వప్ననే. ఇంటికొచ్చి, గొంతు మార్చి ఎట్ల ఒర్రిందో నాకు చూపెట్టింది. నేను అన్నం పెడుతున్న. మల్లొక్కసారి ఒర్రు బిడ్డా అని నవ్విన."