మ్యూయాన్ కబురు

గుంటూరులో కోల్డ్ స్టోరేజీ ముందు మిర్చి బస్తా మీద కూర్చున్న రెబ్కాను మేనకోడలు బతిమాలుతోంది.

"అత్తా, జపాన్‌లో ప్రయోగానికి నాన్న పంపనంటున్నాడు. నువ్వు చెప్పవా?"

"అక్కడేం చేస్తావే?"

"పరమాణువులోకి మ్యూయాన్ అనే కణాన్ని పంపుతాం. అది కేంద్రకం దగ్గరికి జారుతూ ఎక్స్‌రే వదిలి, రెప్పపాటులోపే మాయమవుద్ది. ఆ కిరణం వేడిని కొలిస్తే కేంద్రకం గుట్టు తెలుస్తుంది."

"అంత పిసరు వేడి ఎట్టా తెలుస్తుందే?"

"మా సెన్సార్ అంత చల్లగా ఉంటుంది. దాని ముందు ఈ కోల్డ్ స్టోరేజీ పొయ్యే!"

రెబ్కా నిట్టూర్చింది. "పోయిన మీ మావయ్యతో ముప్పయ్యేళ్లు కాపురం చేశా. ఆయన మనసులో మాట ఒక్కటీ తెలుసుకోలేకపోయా. చల్లగా ఉండాలని తెలీక, రోజూ మండిపడ్డా. ఆ ఫోనిటియ్యి."

మరుక్షణం ఆమె గొంతు ఆవరణంతా మోగింది.

"ఒరేయ్ తమ్ముడూ, జయపాలూ! పిల్లని పంపుతావా, నన్ను రమ్మంటావా?"