పర్సులో పట్టిన కార్డు

ఆ పెట్టె జోలికి వెళ్ళకు, ముందు కూర్చో. కోటు విప్పు. తాత కార్డే కదా నీకు కావలసింది? నా దగ్గరే ఉంది, ఎక్కడికీ పోదు. ఉద్యోగం పోయిందని పొద్దున నువ్వు ఫోన్లో చెప్పినప్పటి నుంచి ఒక పని రెండుసార్లు చేస్తున్నానురా. ఇందాక కూరలో ఉప్పు వేశానో లేదో గుర్తులేక మళ్ళీ వేశాను. తిని చెప్పు, ఊరికే మింగేయకు. మీ నాన్నకి నేనింకా చెప్పలేదు, పని నుంచి వచ్చాక నువ్వే చెప్పుకో. ఈలోగా నీకు వెర్లిన్ సంగతి చెప్పాలి. ఏ వెర్లిన్ అంటావేమిటి, కార్డుల వెర్లిన్. చెవుల్లో వెంట్రుకలు, ఒక గుండీ ఊడిపోయిన గోధుమరంగు స్వెటరు. పోయి చాలా ఏళ్ళయింది. నీకు గుర్తుండడులే, నువ్వప్పుడు రెండో తరగతి.

మన చర్చి కింద హాల్లో శనివారాలు కార్డుల సంత జరిగేది. బేస్‌బాల్ ఆటగాళ్ళ బొమ్మలున్న పాత కార్డులు, బబుల్‌గమ్ పొట్లాల్లో వచ్చిన రోజులవి. మంచి రోజుల్లో ఆ హాల్లో అడుగు పెట్టడానికి చోటుండేది కాదు. డాక్టర్లు, లాయర్లు భూతద్దాలు పట్టుకుని వచ్చేవాళ్ళు. మీ నాన్న పనిచేసే కారు ఇరుసుల ఫ్యాక్టరీ మూసేశాక ఏమైందంటే, బల్లకి అటు పక్కా అమ్మేవాళ్ళే, ఇటు పక్కా అమ్మేవాళ్ళే. చెప్పుల డబ్బాల్లో వాళ్ళ నాన్నలవి, పెదనాన్నలవి కార్డులు పెట్టుకుని మగవాళ్ళు వరసగా నిలబడేవాళ్ళు, చర్చిలో ప్రసాదానికి నిలబడ్డట్టు, ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోకుండా. మిగతా బల్లల వాళ్ళు డబ్బా మూత కూడా తీయకుండా "వద్దు బాబూ" అనేవాళ్ళు. వెర్లిన్ మాత్రం ప్రతి డబ్బా తెరిచేవాడు. "ఇవి ఎవరివి? ఆయన ఏ జట్టు మనిషి?" అని అడిగేవాడు. చెత్త కార్డుల్లోంచి కూడా ఏదో ఒకటి ఏరి కొనేవాడు. వాళ్ళావిడ అరిచేది, "నువ్వు కొట్టు నడుపుతున్నావా, అన్నదానం చేస్తున్నావా?" అని. అలా కొనడానికి తన సొంత మంచి కార్డులన్నీ అడ్డమైన ధరకీ అమ్ముకున్నాడు. అది వేరే కథ.

ఆ సంతలో ఒక పద్ధతి ఉండేది. కార్డు చేతి నుంచి చేతికి ఇవ్వకూడదు. అమ్మేవాడు బల్ల మీద పెట్టాలి, చెయ్యి తీసేయాలి, అప్పుడు కొనేవాడు తీసుకోవాలి. ఎందుకంటే మూల నలిగిందనుకో, ఎవడు నలిపాడన్న గొడవ రాకూడదు. నాకది మొదట్లో మడి ఆచారంలా అనిపించి నవ్వొచ్చేది.

ఇంట్లో సంగతి నీకు తెలుసు. అంటే, తెలీదు. ఆకలి తెలీకుండా పెంచాం కాబట్టి నీకు తెలీదు. మీ నాన్నకి పని పోయింది, ఇంటి మీద బ్యాంకు అప్పు కట్టలేకపోయాం, వసంతం లోపల కట్టకపోతే ఇల్లు ఖాళీ చేయమన్నారు. మావయ్య అప్పటికి మనతోనే ఉండేవాడు, మీ కాజ్ తాత. ఆయనకి ఒకటే ధీమా. "డెల్, ఏడుపు మొహం ఆపు. ఇంట్లో కార్డుంది," అని మీ నాన్నతో అనేవాడు. పెళ్ళయి వచ్చిన రోజు నుంచి నేనూ ఆ మాట వింటూనే ఉన్నాను. కొరియా యుద్ధానికి వెళ్ళినప్పుడు ఆయన పర్సులో ఉన్న కార్డు. క్లీవ్‌లాండ్ జట్టులో ఎడమచేత్తో బంతి విసిరేవాడి బొమ్మ. ఆ కార్డు ఎంత పలుకుతుందో పుస్తకాల్లో చూసి మీ నాన్న చిన్నప్పుడే లెక్కలు కట్టుకున్నాడు. తన కార్డుల పక్కన పెట్టి చూసుకునేవాడట, సరిగ్గా అంత సైజే ఉండేది, మూలలైతే కత్తిలా ఉండేవి. అరవై ఏళ్ళ కార్డుకి అలాంటి మూలలు ఎక్కడా ఉండవని వీధంతా చెప్పుకునేవాళ్ళు.

సరే, ఆ శనివారం మావయ్య గడ్డం గీయించుకుని, టై కట్టుకుని బయలుదేరాడు. మీ నాన్న రానన్నాడు, తండ్రి చేత కార్డు అమ్మించడం చూడలేనని గరాజ్‌లో కూర్చుండిపోయాడు. నేనే తీసుకెళ్ళాను. వెర్లిన్ బల్ల దగ్గర ఈయన పర్సు తీసి, కార్డు బల్ల మీద పెట్టి, చెయ్యి వెనక్కి తీసి నిలబడ్డాడు, రాజుగారిలా. వెర్లిన్ వెంటనే తీసుకోలేదు. చూస్తూ ఉన్నాడు. తర్వాత ఒక డబ్బాలోంచి ఎవడో అనామకుడి కార్డు తీశాడు, అదే ఏడాదిది. దాన్ని కింద పెట్టి మావయ్య కార్డు దాని మీద పెట్టాడు. కింది కార్డు చుట్టూ బయటికి కనబడింది, ఫోటోకి ఫ్రేము కట్టినట్టు. నాకు మొదట అర్థం కాలేదు. ఆ ఏడాది కార్డులు పెద్దవిగా వచ్చేవట, చిన్నవి తర్వాత వచ్చాయట. మీ నాన్న తన కార్డుల పక్కన పెట్టి సరిపోయిందనుకున్నాడు కదా, అవి ఆ తర్వాతి కాలం చిన్న కార్డులు.

మావయ్య ముందుకి వంగి చూశాడు. చూసి ఏమన్నాడో తెలుసా? "నీది సరిగ్గా కత్తిరించలేదయ్యా వెర్లిన్. చూడు, చుట్టూ ఎలా పొడుచుకొచ్చిందో. నాది మిలిటరీ మంగలి కత్తెరతో నేనే కత్తిరించాను. పర్సులో పట్టలేదు మరి. గీత గీసినట్టు రాలేదూ?" అన్నాడు.

పక్క బల్లల వాళ్ళు తలలు తిప్పి చూశారు. కార్డుల వాళ్ళకి కార్డు కత్తిరించడమంటే ఏమిటో నేను నీకు చెప్పక్కర్లేదు. అంచు మీద కత్తెర పడిందంటే ఇక అది కార్డు కాదు, అట్టముక్క. పిల్లలకి ఆడుకోవడానికి ఇచ్చేయచ్చు. ఇల్లు పోయిందిరా, ఆ నిమిషంలో పోయింది, బ్యాంకు వాళ్ళు తాళం వేసిన రోజు కాదు.

వెర్లిన్ తల ఎత్తలేదు. "అవును కాజ్ బాబాయ్. నాదే సరిగ్గా లేదు," అన్నాడు. తన కార్డు తీసి డబ్బాలో పడేశాడు. మావయ్యది రెండు వేళ్ళతో, అంచులకి తగలకుండా తీసి మళ్ళీ బల్ల మీద పెట్టాడు. "ఇది నేను కొనలేను బాబాయ్. నా స్థాయికి మించింది. ఈ రోజుల్లో ఇంత కార్డుకి డబ్బు పెట్టగలిగేవాడు ఈ ఊళ్ళో ఎవడున్నాడు? తక్కువకి అడిగితే నీకే అవమానం. దాచుకో," అన్నాడు.

మావయ్య అంత తేలిగ్గా వదిలే మనిషా? "నువ్వు కాకపోతే ఇంకొకడు," అని పక్క బల్లకి బయలుదేరాడు. టాయిలెట్‌కని ఆగాడు దారిలో. ఆ వయసులో ఆగాలి కదా. అదే మమ్మల్ని కాపాడింది. వెర్లిన్ కాఫీ ఫ్లాస్కు పట్టుకుని బల్ల బల్లకీ తిరిగాడు, కాఫీ పోస్తున్నట్టు వంగి ఏదో చెప్పాడు. ఆ హాల్లో రస్క్ అని ఒకడుండేవాడు, విధవరాళ్ళ దగ్గర మంచి కార్డులు గుడ్డి గవ్వలకి కొట్టేసే రకం. వాడు బయటపెట్టేస్తాడేమోనని నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను. మావయ్య వాడి బల్ల మీద కార్డు పెట్టాడు. వాడు పెద్ద భూతద్దం తీశాడు, మూలలు చూశాడు, వెనక్కి తిప్పాడు. మావయ్య మొహం చూశాడు, టై చూశాడు. "పెద్దాయనా, నన్ను ఎగతాళి చేయడానికి వచ్చావా? నా బల్ల మొత్తం అమ్మినా దీనికి చాలదు. ఎక్కువసేపు ఇక్కడ పెట్టకు, ఎవడైనా ఎత్తుకుపోతాడు," అన్నాడు. ప్రతి బల్ల దగ్గరా అదే మాట. ఒకడైతే లేచి నిలబడి టోపీ తీశాడు. అది కొంచెం ఎక్కువైంది.

పార్కింగ్‌లో మావయ్య కార్లో కూర్చున్నాక వెర్లిన్ నా దగ్గరికి వచ్చాడు. "అమ్మాయ్, నీకు మాత్రం నిజం తెలియాలి. డెల్‌కి చెప్పడం, చెప్పకపోవడం నీ ఇష్టం. నీ స్థానంలో నేనైతే ఈ చలికాలం చెప్పను," అన్నాడు. నేను ఏడుస్తానేమో అని ముందే తన రుమాలు తీసి పట్టుకున్నాడు, అది ఎంత మురికిగా ఉందో చెప్పలేను. దాంతో నాకు నవ్వొచ్చింది.

ఇంటికెళ్ళగానే మావయ్య గరాజ్ తలుపు తోసి, "ఊరంతా దివాళా తీసింది డెల్! మన కార్డుని కొనే మగాడు లేడు!" అని అరిచాడు. మీ నాన్న... గరాజ్‌లో ఆయన ఎందుకు కూర్చునేవాడో నేను నీకు ఎప్పుడూ చెప్పలేదు, ఇప్పుడూ చెప్పను. తలుపులు మూసుకుని, పొగ పోయే సందు లేకుండా, తాళం చేతిలో పట్టుకుని కార్లో కూర్చునేవాడు. ఆ రోజు బయటికి వచ్చాడు. కార్డు పర్సుతో సహా తీసుకుని దీపం కింద పెట్టుకుని చూశాడు. "ధర లేనప్పుడు అమ్మకూడదు నాన్నా, ఉండనీ," అన్నాడు. ఇల్లు ఖాళీ చేసిన రోజు వెర్లిన్ తన ట్రక్కు తెచ్చి సోఫా మోశాడు. మేడ మీద అద్దె గదుల్లోకి మెట్లెక్కుతూ మీ నాన్న అతనితో అంటున్నాడు, "ఏం ఫరవాలేదు వెర్లిన్, చివరికి మా దగ్గర ఒకటుంది," అని. సోఫాకి అటు చివర పట్టుకుని వెర్లిన్ "అదృష్టవంతులు," అన్నాడు, రొప్పుతూ. ఆ గరాజ్ పోయినందుకు నేను దేవుడికి దండం పెట్టుకున్నాను.

మావయ్య పర్సు తలగడ కింద పెట్టుకునే పోయాడు. వెర్లిన్ ఆ మరుసటి ఏడాది. వాళ్ళావిడ దగ్గర నేను ఒక్కటే అడిగి తెచ్చుకున్నాను, ఆ అనామకుడి కార్డు. ఇదిగో. ఇది బల్ల మీద పెట్టు. చేతికివ్వకు, పెట్టు. ఇదిగో తాత పర్సు, ఆయనది తీసి దాని మీద పెట్టు. చూశావా.

ఏడవకు. నిన్ను ఏడిపించడానికి చెప్పలేదు. నువ్వు దీన్ని ఇవాళ ఏ కొట్టుకో పట్టుకెళితే ఆ కుర్రాళ్ళు నవ్వుతారు, నువ్వు ఆ నవ్వు మోసుకుని ఇంటికొస్తే మీ నాన్న... తలుపు చప్పుడు. వచ్చాడు. ఆ కిందిది నాకిచ్చేయ్, తొందరగా. తాతది పర్సులో పెట్టు.

బూట్లు దులుపుకుని రా డెల్, మంచు అంతా లోపలికి తెస్తున్నావు. ఏం లేదు, వీడి ఉద్యోగం పోయింది. అవును, పొద్దున. ముందు కూర్చో. తాత కార్డు అమ్ముదామా అని అడుగుతున్నాడు. నన్నేం అడుగుతావు, వాణ్ణే అడుగు.

విన్నావుగా డెల్, వాడే అన్నాడు, అమ్మొద్దని. నిజమే మరి, ఈ రోజుల్లో అంత కార్డుని కొనగలిగేవాడు ఈ ఊళ్ళో ఎవడున్నాడు? పళ్ళాలు తియ్యి నాన్నా. కూరలో ఉప్పు ఎక్కువైంది, బ్రెడ్డుతో తినండి.