ఎర్ర కొస, నల్ల కొస

(స్ప్రింగులు చుట్టే కార్ఖానా. బల్లకి ఒకవైపు అక్క, ఇంకోవైపు తమ్ముడు. మధ్యలో విరిగిన షట్టరు స్ప్రింగు.)

"తాళాలు బల్ల మీద పెట్టు. ఇంక చెప్పేదేం లేదు."

"అక్కా, ఒక్క మాట..."

"నీ మాటలు విని విని విసుగెత్తింది. మందుల షాపాయన షట్టరు ధడేల్మని పడింది. అరడుగు ఇవతల ఉన్నాడు కాబట్టి బతికిపోయాడు. ఆయన ఫోన్లో అరుస్తుంటే తలెక్కడ పెట్టుకోవాలో తెలీలేదు నాకు. ఇదిగో, చూడు దీని వాలకం! చుట్లన్నీ విచ్చుకుపోయి, కొస విరిగి..."

"చూశాను."

"బిగించేటప్పుడు చూడాల్సింది! ఏదీ, చెప్పు. ఇలాంటి మెలి స్ప్రింగుని ఎటు తిప్పాలి?"

"ఇప్పుడు పరీక్షలేంటక్కా?"

"చెప్పరా మహానుభావా!"

"చుట్టు బిగుసుకునే వైపు. షట్టరు దిగుతుంటే స్ప్రింగు బిగుసుకోవాలి. ఎత్తేటప్పుడు ఆ బలం మనకి తిరిగివ్వాలి."

"విచ్చుకునే వైపు తిప్పితే?"

"ఇదిగో... ఇలాగే విరుగుతుంది."

"బిగుసుకుంటే లావెక్కుతుందా, సన్నబడుతుందా?"

"సన్నబడుతుంది. అందుకే లోపలి షాఫ్టుకీ దానికీ మధ్య సందు వదలాలి. లేకపోతే షాఫ్టుని పట్టేస్తుంది."

"ఆహా! మరి తీగ ఎంత లావుండాలో ఎలా చూస్తారు పండితులవారు?"

"షట్టరు బరువెంత, ఎన్ని చుట్లు తిప్పుతాం, రోజుకెన్నిసార్లు ఎత్తి దించుతారు... అన్నీ చూసే ఎంచానక్కా. లెక్క తప్పలేదు."

"లెక్క తప్పలేదట! ఎడమ చుట్టు పెట్టాల్సిన చోట కుడి చుట్టు పెట్టాడు, లెక్క మాత్రం తప్పలేదట! చుట్టు చూస్తే తెలీదూ?"

"కొస రంగు చూసి బిగించాను. ఎరుపుంది. ఎరుపంటే ఎడమ చుట్టు, నలుపంటే కుడి. మన దగ్గర అందరూ చూసేది అదేగా."

"అంటే? తప్పు నాన్నదంటావా?"

"నేనలా అన్నానా?"

"రంగు వేసేది నాన్న. ముప్పై ఏళ్ళలో ఒక్క కొస తప్పలేదు. ఆయన రంగేశాక చుట్టు మళ్ళీ చూస్తే ఆయన్ని అవమానించినట్టేనని పనివాళ్ళు కూడా చూడరు. అలాంటి మనిషి మీదికి తోస్తున్నావా? సిగ్గులేదూ?"

"నాన్న కాదు. నేనే వేశాను."

"ఏంటీ?"

"ఆ స్ప్రింగుకి రంగు నేనే వేశాను."

"నాన్న బ్రష్షు ముట్టుకున్నావా? నన్నే ముట్టుకోనివ్వడు ఆయన!"

"తొందర్లో... ఆయన భోజనానికి వెళ్ళినప్పుడు."

"అదీ సంగతి! ఇందాకట్నుంచి నసుగుతుంటే ఏంటా అనుకున్నా. ఎర్ర డబ్బాకీ నల్ల డబ్బాకీ తేడా తెలీదురా నీకు? గుడ్డివాడైనా నీకంటే నయంగా వేసేవాడు!"

"అక్కా, మెల్లగా. నాన్న పక్క గదిలో ఉన్నాడు."

"విననీ! కొడుకు నిర్వాకం ఆయనకీ తెలియాలి. ఒక మనిషి ప్రాణం పోయేదిరా! రేపట్నుంచి నువ్వీ గుమ్మం తొక్కడానికి వీల్లేదు. ఎక్కడికెళ్తావో వెళ్ళు."

"ఈ పని తప్ప నాకింకేం రాదక్కా."

"ఈ పనీ రాదుగా! ఇటియ్యి తాళాలు."

"ఇవిగో. కానీ... రేపట్నుంచి నాన్న పక్కన ఎవరో ఒకర్ని కూర్చోబెట్టు."

"ఎందుకు? ఆయనకేం, గుండ్రాయిలా ఉన్నాడు. నీ సలహాలు నాకక్కర్లేదు."

"రంగేసే టైముకైనా కూర్చోబెట్టు. అంతే. ఇంకేం అడగను."

"మళ్ళీ రంగంటాడేంటి వీడు! అయ్యో, నాన్నా, నువ్వెందుకొచ్చావు? గోడ పట్టుకుని నడుస్తున్నావేం, కాలు నొప్పా?"

"కాలు బాగానే ఉందమ్మా. తాళాలు వాడికిచ్చెయ్. చుట్టు ఎటో నా వేళ్ళకింకా తెలుసు. ఎర్ర డబ్బా ఏదో చెప్పడానికి ఆ రోజు వాడు పక్కన లేడు, అంతే."