గుడ్డు బండి, డబ్బా బండి

ఏది మంచిదని నన్నడుగుతావేంటమ్మా, నేనేమన్నా బండి తోలినవాణ్ణా? సీటు కవర్లు కుట్టుకుని బతికినవాణ్ణి. ఇలా వచ్చి కూర్చో. ఆ కుర్చీ వద్దు, దాని కాలు వదులు. ఏదీ, ఫోన్లో బొమ్మ చూపించు. ఊఁ, ఇది గుడ్డు. ఇంకోటి చూపించు. ఇది డబ్బా. ఇవింకా అమ్ముతున్నారా, పోనీలే. కంపెనీ వాళ్ళు పెట్టిన పేర్లు నాకు నోరు తిరగవు గానీ, మా టాక్సీ స్టాండులో దీన్ని గుడ్డు అనేవాళ్ళం, దాన్ని డబ్బా అనేవాళ్ళం. రెండువేల సంవత్సరం దాటాక కాస్త అటూ ఇటూగా దిగాయి రోడ్ల మీదకి. అంతకుముందు ఉన్నవన్నీ ముసలి బండ్లే, ఇవి వచ్చాక జనానికి పెళ్ళిచూపులకి పోయినట్టుండేది, ఏది చూసినా అదే బాగుందనిపించేది. ఇంతకీ మీ నానమ్మ ఏమంది? చిన్నతాతని అడుగు, అందా? ఆ మాటే అందా, ఇంకేమన్నా అందా? సరే, సరే, ఊరికే అడిగాను.

నా లెక్క ప్రకారం చెప్పాలంటే, డబ్బాకి వెనక సీటు బల్లలా తిన్నగా ఉంటుంది, కవరు కుట్టడం సుళువు, కూర్చోవడం కష్టం. గుడ్డుకి సీటు పల్లంగా ఉంటుంది, అందులో కూర్చున్నవాడు లేవడు, నాకేమో ఆ వంపు దగ్గర కుట్టు సరిగ్గా పడి చచ్చేది కాదు. అంతవరకే నాకు తెలుసు. మిగతాదంతా మా అన్నయ్యని అడగాలి. మీ పెద్దతాత. నీకు గుర్తుండడులే, ఆయన పోయేనాటికి నువ్వింకా స్కూలుకి కూడా పోవట్లేదు. ఆయన గుడ్డు నడిపేవాడు. నడపటం ఒక ఎత్తు, దాని గురించి మాట్లాడటం ఒక ఎత్తు. పొద్దున్నే స్టాండుకి వచ్చి బండి తుడుస్తూ మొదలెట్టేవాడు, మైలేజీ అంట, పికప్ అంట, టర్నింగు అంట. ప్యాసింజర్లని కూడా వదిలేవాడు కాదు. ఒకావిడ ఆస్పత్రిలో మనవణ్ణి చూసుకుని వస్తోంది, ఆవిడకి స్టీరింగు ఎంత తేలికో చెప్పాడు ఇంటిదాకా. "మీ అన్నయ్యకి మంచినీళ్ళు ఇవ్వండి బాబూ, గొంతు ఎండిపోయుంటుంది" అని మర్నాడు మళ్ళీ ఆస్పత్రికొచ్చి నాకు చెప్పి పోయింది ఆవిడ.

డబ్బా ఎవరిదో తెలుసుగా? మీ తాతది. మా అక్క మొగుడు, మా బావ. అన్నయ్యా బావా ఒక్క స్టాండు. ఇంక చూసుకో, బావా బావమరుదులు, ఒకడు గుడ్డు, ఒకడు డబ్బా. నా షాపు ఎదురుగానే, కుట్టుమిషను చప్పుడులో కూడా వాళ్ళ గొంతులే వినపడేవి. అన్నయ్య అనేవాడు, "బావా, నీది కారా, పిండిమరా? అందులో ఎక్కి దిగినోడికి పళ్ళు లెక్కపెట్టుకోవాలి." బావ నెమ్మదస్తుడు, బీడీ కూడా తొందరపడి తాగేవాడు కాదు. "నాది డీజిలు బావా, బరువు మోస్తుంది. నీ గుడ్డులో నలుగురెక్కి ఏసీ వేస్తే నువ్వు దిగి నెట్టాలి" అనేవాడు. "దాన్ని తగలెట్టేస్తా ఒకరోజు" అనేవాడు అన్నయ్య. "తగలెట్టు, నీ గుడ్డు పక్కనే పెడతాను, ఉడుకుతుంది" అనేవాడు బావ. మేమంతా కడుపు చెక్కలయ్యేలా నవ్వేవాళ్ళం. మధ్యాహ్నం ఇద్దరూ ఒకే క్యారేజీ విప్పుకుని తినేవాళ్ళు. మా అక్క ఇద్దరికీ కలిపే కట్టేది, అన్నయ్యకి కారం తక్కువ వేసి ఒక గిన్నె వేరేగా పెట్టేది. ఆ గిన్నె ఇప్పటికీ ఉంది మీ ఇంట్లో, చూశావో లేదో, మూత సొట్ట పోయి ఉంటుంది.

ఇప్పుడు చెప్పేది కాస్త జాగ్రత్తగా విను. మా స్టాండు ఆస్పత్రి గోడ పక్కన ఎత్తుకి ఎక్కే రోడ్డు మీద ఉండేది. వరుసలో ముందున్న బండికి బేరం తగిలి వెళ్ళిపోతే వెనకవన్నీ తలా కాస్త ముందుకి జరగాలి. ఎవడన్నా తినడానికో, పనిమీదో పోతే తాళం బండికే వదిలేసి పోవాలి, ఉన్నవాడు జరుపుతాడు. అది స్టాండు పద్ధతి. అంచేత అందరూ అందరి బండ్లూ కాస్తకాస్త నడిపినవాళ్ళే. గొడవల్లా గేరు దగ్గర. గుడ్డులో గేరు రాడ్డు ఎడమవైపు చివరికి లాగి పైకి తోస్తే ఫస్టు గేరు. డబ్బాలో సరిగ్గా అదే చోట రివర్సు. ఫస్టు దాని పక్కన. పొరపాటున పడకుండా రాడ్డు మెడకి ఒక రింగు పెట్టాడు కంపెనీవాడు, అది వేలితో పైకెత్తితేనే రివర్సు పడుతుంది. బావ బండిలో ఆ రింగు ఎప్పుడో విరిగింది. "నా చేతికి తెలుసులే" అని బాగు చేయించలేదు. అన్నయ్య దాన్ని జరిపినప్పుడల్లా రాడ్డుకేసి చూసి, తిట్టుకుని, అప్పుడు వేసేవాడు. ఎన్నిసార్లు జరిపాడో.

ఆ రోజు అక్కకి ఒంట్లో బాగోక క్యారేజీ పంపలేదు. బావ ఎదురు హోటల్లో తినడానికి పోయాడు. డబ్బాయే వరుసలో ఆఖరుది, దాని వెనక ఆస్పత్రి గోడ మలుపు. ముందు బండి వెళ్ళింది, అన్నయ్య తన గుడ్డు జరిపి, దిగి, బావ బండి జరపడానికి వచ్చాడు. ఒకడు కొత్తగా బండి కొందామని మా స్టాండు మెకానిక్ దగ్గరికి వచ్చాడు ఆ టైముకి, ఏది కొనాలి అంటూ. ఇప్పుడు నువ్వడిగావే, అదే మాట. ఇంక అన్నయ్య ఊరుకుంటాడా? డబ్బాలో కూర్చుని, స్టార్టు చేసి, కిటికీలోంచి తల బయటపెట్టి వాడికి గుడ్డు గురించి చెప్తున్నాడు. నోరు గుడ్డు గురించి మాట్లాడుతుంటే చెయ్యి కూడా గుడ్డు గేరే వేసింది. ఎత్తు రోడ్డు కదా, గట్టిగా రేజు చేసి క్లచ్చు వదలాలి, లేకపోతే బండి ఆగిపోతుంది. అలాగే వదిలాడు. బావ తినేసి రోడ్డు దాటి బండి వెనకగా వచ్చాడు, గోడవారన నీళ్ళ డ్రమ్ము ఉండేది మాకు, అక్కడ వంగి చేతులు కడుక్కుంటున్నాడు. నేను మిషను ఆపి దారం ఎక్కిస్తున్నాను, అందుకే నాకు ఆ చప్పుడు వినపడింది. అది నీకు చెప్పను. పక్కనే ఆస్పత్రి, ఎదురుగా గేటు, ఏం లాభం? అన్నయ్య దిగి, బండి వెనక్కి వచ్చి, చూసి, మళ్ళీ వెళ్ళి డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. ఎందుకు కూర్చున్నాడో ఆయనకే తెలీదు. మేము లాగితే గానీ దిగలేదు.

మీ తాత బండి కింద పడి పోయాడని చెప్పి ఉంటారు నీకు. ఎవరు నడిపారో చెప్పలేదు కదా? ఊఁ. మీ నాన్న చెప్పడులే, వాడికి మేనమామంటే ప్రాణం, ఆ తర్వాత ఆ పేరెత్తటమే మానేశాడు. పోలీసులొచ్చారు, వాళ్ళ పని వాళ్ళది. స్టాండులో ఒక్కొక్కణ్ణే అడిగారు, ఇద్దరికీ పడేదా అని. వీళ్ళు భయస్తులు, ఉన్నది ఉన్నట్టు చెప్పారు. "రోజూ తిట్టుకునేవాళ్ళు సార్." ఏమని? "బండి తగలెట్టేస్తానని సార్." ఒకడైతే ఆ పొద్దున అన్న మాట కూడా చెప్పాడు. "ఈ డబ్బా ఎప్పటికైనా నీ ప్రాణం తీస్తుంది బావా" అన్నాడట అన్నయ్య, బావ టైరు మారుస్తుంటే. అన్నాడు, నేనూ విన్నాను, నవ్వాను కూడా. నవ్వుతూ అన్న మాట కాగితం మీద రాస్తే అందులో నవ్వు ఉండదు కదమ్మా. ఇన్‌స్పెక్టరు చదువుతుంటే నాకే అది బెదిరింపులా వినపడింది. ఆయన మా అక్కని అడిగాడు, "ఏమ్మా, మీ అన్నయ్య కావాలని చేశాడంటావా?" అక్క ఏడవటం లేదు. గోడకేసి చూస్తూ, "కావాలని చెయ్యలేదని నేను చెప్పలేను సార్" అంది. అన్నయ్య అక్కడే బెంచీ మీద ఉన్నాడు. విన్నాడు.

కేసు కొన్నాళ్ళు నడిచింది. బండి తెచ్చి చూసుకున్నారు, రింగు విరిగింది చూసుకున్నారు, పొరపాటే అన్నారు, లైసెన్సు తీసుకుని వదిలేశారు. కోర్టు వదిలింది గానీ అక్క వదల్లేదు. తప్పుపట్టకు మీ నానమ్మని. ఆవిడ జన్మలో స్టీరింగు ముట్టుకోలేదు. మేమందరం పోయి చెప్పేవాళ్ళం, ఇది ఫస్టు, ఇది రివర్సు, రింగు, అలవాటు అని. గాల్లో చేతులు తిప్పి చూపించేవాళ్ళం. ఆవిడ ఒకటే అనేది, "ముందుకి పోవాలనుకున్న మనిషి వెనక్కెలా పోతాడ్రా? మనం నడుస్తూ నడుస్తూ వెనక్కి నడుస్తామా?" అన్నయ్య అక్కావాళ్ళ వీధి చివరిదాకా వచ్చేవాడు. తలుపు తీసి ఉంటే మూసేసేది. ఒకసారి ఆవిడకి జ్వరమొస్తే మందులు నాచేత పంపాడు. ఎవరు కొన్నారని అడిగింది, నేను నసిగాను, అలాగే తిప్పి పంపింది. అన్నయ్య ఆ పొట్లం చేత్తో పట్టుకుని, "తగ్గిందట్రా?" అని మాత్రం అడిగాడు. గుడ్డు తీసుకొచ్చి తన ఇంటి పెరట్లో పెట్టేశాడు, ఎవరికీ ఇవ్వలేదు, ఎక్కలేదు. స్టాండువాళ్ళు ఆయన్ని మళ్ళీ మాటల్లో పెడదామని ఎప్పుడన్నా కదిపేవాళ్ళు, "అన్నా, గుడ్డా డబ్బా, ఏది మంచిదంటావు?" అని. "రెండూ ఒకటే" అనేవాడు. అంత వాగుడుకాయ, ఆ ఒక్క మాటతో సరిపెట్టేవాడు. చివరికి ఊపిరితిత్తులు పోయి మంచం పట్టాక కూడా, చెల్లి వచ్చిందా అని అడగలేదు. గుమ్మంకేసి మాత్రం చూసేవాడు.

పోయాక వచ్చింది. మీ నాన్న బలవంతం మీద వచ్చింది, నువ్వు చంకలో ఉన్నావు. లోపల శవం ఉంది, ఆడవాళ్ళంతా ఏడుస్తున్నారు, ఈవిడ లోపలికి పోకుండా తిన్నగా పెరట్లోకి పోయింది. నాకు భయమేసి వెనకే వెళ్ళాను. గుడ్డు అక్కడే ఉంది, టైర్లు కూర్చుండిపోయాయి, అద్దం నిండా దుమ్ము. తలుపు లాగి డ్రైవరు సీట్లో కూర్చుంది. నేను కుట్టిన కవరే, ఆయన కూర్చునే వైపు నలిగిపోయి ఉంది. గేరు రాడ్డు పట్టుకుంది. "ఏదిరా ఫస్టు?" అంది. చూపించాను, ఎడమకి లాగి పైకి. క్లచ్చు నేనే చెప్పాను, ఎక్కడ తొక్కాలో. వేసింది. తీసింది. మళ్ళీ వేసింది. చూడకుండా వేసింది. అలా ఎంతసేపు వేసిందో, చేతికి అలవాటయ్యేదాకా. "డబ్బాలో ఇక్కడేముండేది?" అంది. "వెనక్కిపోయేది అక్కా" అన్నాను. ఆవిడ చెయ్యి అక్కడే ఉంది. ఎడమ చివరికి, పైన. "ఇక్కడేనా?" అంది. "అక్కడే" అన్నాను. అప్పుడు ఏడ్చిందమ్మా మీ నానమ్మ, మొగుడు పోయిననాడు కూడా అలా ఏడవలేదు. "అన్నయ్యా" అని పిలిచింది. అన్నేళ్ళ తర్వాత పిలిచింది. లోపల వినేవాడు లేడు.

ఊఁ. ఏదీ, ఆ ఫోను మళ్ళీ ఇలా ఇవ్వు. డబ్బాకి సీట్లు చిరిగినట్టున్నాయి, చూడు, ఇక్కడ. గుడ్డువి బానే ఉన్నాయి. నీ ఇష్టమమ్మా, ఏదైనా కొను. కొన్నాక ముందు ఇటు తీసుకురా. కవర్లు నేనే కుట్టిపెడతాను.